నలభై వేల ఊఁలు

తదియ

పెట్టె కాపరి రోజూ రెండు ముక్కలు రాసిపెట్టాలని మా తెప్ప పెద్ద దైవసహాయం గారు ఆజ్ఞ వేశారు. ఎంత బరువు వచ్చింది, మాటలు ఎంత ఆలస్యంగా వెళ్ళాయి, ఏం మరమ్మతు చేశాను. అలాగేనండీ అన్నాను. రెండు ముక్కల్లో చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదని ఆయనకి తెలియదు పాపం.

పొద్దున లేవగానే సూర్యపలకల మీద ఉప్పు తుడిచాను. తెప్ప కింద పీపాలకి పట్టిన గుల్లలు గోకాను. పెట్టె వేడెక్కకుండా చుట్టూ కట్టిన గుడ్డ ఆరిపోతే మంచినీళ్ళతో మళ్ళీ తడిపాను. ఉప్పునీళ్ళు తగిలితే తుప్పు పడుతుందట మహారాణికి. మనుషులం చెంబుడు నీళ్ళతో సర్దుకుంటున్నాం, దీనికి మాత్రం పూటపూటా స్నానం.

నా తర్వాత దీన్ని కాసేవాళ్ళు చదువుతారు కాబట్టి విడమరిచి రాస్తున్నాను. పెట్టె బియ్యం డబ్బా అంత ఉంటుంది. మా తెప్ప మీది నూట ఇరవై ఇళ్ళ మాటలు దీనిలోంచే తెప్పలన్నిటినీ కలిపే అల్లికలోకి వెళ్తాయి. మిగతా మూడొందల తెప్పల మాటలు దీనిలోకే వచ్చి మా ఇళ్ళకి చేరతాయి. ప్రతి తెప్పకీ సొంత పెట్టె, ప్రతి పెట్టెకీ నాలాంటి నోరున్న మనిషి కాపలా. ఎవరి మీదా ఎవరి పెత్తనమూ లేదు. వినడానికి ఎంతో బాగుంటుంది. కష్టమేంటో మోసేవాళ్ళకే తెలుస్తుంది.

మాకు మోత మావుళ్ళత్త దగ్గర మొదలైంది. ఆవిడ మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. అరవై దాటాయి. పగలంతా వలలు అల్లుతుంది, తమలపాకు నములుతుంది, పొద్దు గుంకే వేళకి పెట్టె గదిలోకి వచ్చి పీట మీద కూర్చుని కథ చెబుతుంది. మొదట్లో వినేవాళ్ళు పాతికమంది ఉండేవారేమో. ఇప్పుడు నలభై వేలమంది.

వింటే వినమనండి, నాకేం బాధ లేదు. కథ ఒక్కటే కదా, తెప్పకొకటి చొప్పున మూడొందల సార్లు పంపుతాను, పెట్టె కిక్కురుమనదు. కానీ మన జనం ఊరికే వింటారా? కథ వింటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు. పక్కన కూర్చుని కొడితే దాని ఖర్చు ఊపిరి. అల్లికలో కొడితే ఆ ఊఁ మా పెట్టెకి వస్తుంది, వచ్చి ఊరుకోదు, మిగతా శ్రోతలు కూడా వినాలని మళ్ళీ మూడొందల తెప్పలకీ బయల్దేరుతుంది. ఒక్క వాక్యానికి నలభై వేల ఊఁలు, ఒక్కో ఊఁకి మూడొందల ప్రయాణాలు. పోనీ క్లుప్తంగా చెబుతుందా అంటే, రాజుగారి తలపాగా గురించే పావుగంట చెబుతుంది ఆవిడ.

ఇవాళ కథ అయ్యేసరికి పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను. సాయంత్రం పోటు కబురు పడవలకి ఆలస్యంగా వెళ్ళింది. మునిగిపోయిన ఊళ్ళ మేడల మీద నీళ్ళు ఎంత లోతున్నాయో చెప్పే కబురు అది. అందకపోతే పడవవాళ్ళు చీకట్లో తడుముకుంటూ రావాల్సిందే. మా ఆయన పెద్దిరాజు కూడా పడవ మీదే ఉంటాడు.

పంచమి

"అత్తా, కథ రోజు విడిచి రోజు చెప్పకూడదా?" అని అడిగాను.

"రోజు విడిచి రోజు అన్నం తింటావేంటే నువ్వు?"

"పోనీ కాస్త పొట్టిగా?"

"ఏవే రత్నం, నీ పెట్టెకి దమ్ము చాలకపోతే దానికి మందేయించు. నా కథకి కత్తెరెయ్యకు."

ఆవిడ మొండితనానికి కారణం తెప్ప మీద అందరికీ తెలుసు గానీ, రాసి పెట్టడం మంచిది. నీళ్ళు వచ్చి ఊళ్ళు మునిగిన ఏడాది అక్కచెల్లెళ్ళిద్దర్నీ వేరు వేరు బల్లకట్ల మీద ఎక్కించారు. మావుళ్ళత్తకి అప్పటికి ఇరవై. చెల్లెలు మాలచ్చికి ఏడు. రెండు బల్లకట్లూ ఒకే చోటికి వెళ్తాయన్నారు. వెళ్ళలేదు. అల్లిక వచ్చాక మావుళ్ళత్త మొదట చేసిన పని చెల్లెలి పేరు పిలిపించడం. ఎవరూ పలకలేదు. ఏడేళ్ళ పిల్ల, ఎవరో పెంచుకుని పేరు మార్చేసి ఉంటారు, ఊరి పేరు కూడా గుర్తుండదు. అమ్మ చెప్పిన కథలు మాత్రం గుర్తుంటాయని అత్త నమ్మకం. ఆ కథ చెవిన పడితే ఎక్కడున్నా ఊఁ కొడుతుందట.

"ఇన్నేళ్ళకి గొంతు మారిపోదా అత్తా?"

"గొంతు మారుద్ది. ఊఁ మారదు. దానిది ముక్కులోంచి వత్తాదే, చివర్న చిన్న విరుపు. వింటే నాకు తెలుత్తాది."

నలభై వేలలో ఎలా వింటుందని అడగబోయి ఊరుకున్నాను. నిజానికి ఆవిడ వింటుంది. పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, వాక్యం చెప్పిన తర్వాత వచ్చే ఊఁలని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతూ ఉంటుంది. ఆ మొహం చూస్తే పెట్టె ఆపడానికి నాకు చేతులు రావు.

షష్ఠి

ఇవాళ నేను చేసిన తెలివైన పని గురించి రాయాలి.

కథకి ముందు నేనే మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాను. "అయ్యలారా, అమ్మలారా, పెట్టె మోయలేకపోతోంది. ఇవాళ్టి నుంచి దయచేసి ప్రతి మాటకీ ఊఁ కొట్టకండి. కథ చివర్న ఒక్కసారి కొడితే చాలు" అన్నాను. అడిగిన పద్ధతి ఎంత బాగుందో అని నాలో నేనే మెచ్చుకున్నాను కూడా.

మూడొందల తెప్పల జనం నా మాట శ్రద్ధగా విన్నారు. మర్యాదస్తులు కదా. నలభై వేలమందీ ఒక్కసారి "ఊఁ" అన్నారు.

కొందరు "అలాగేనమ్మా" అని కూడా అన్నారు. ఇంకొందరు మరీ మంచివాళ్ళు, సరిగ్గా వినని వాళ్ళకి "ఊఁ కొట్టొద్దంటండీ" అని చెప్పారు. దానికి ఆ విననివాళ్ళు ఊఁ కొట్టారు. పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఆరిపోయింది.

గుడ్డ తడిపాను, విసనకర్రతో విసిరాను, తిట్టాను. పొద్దు పూర్తిగా వాలిపోయేదాకా పెట్టె లేవలేదు. పోటు కబురు అసలు వెళ్ళనే లేదు.

సప్తమి

మా ఆయన చెయ్యి విరిగింది.

నిన్న సాయంత్రం కబురు కోసం చాలాసేపు చూసి, అందక, అలవాటైన దారే కదా అని వచ్చేశాడట. పాత ఊరి మేడ మీది పిట్టగోడ నీళ్ళ కింద జానెడు లోతున ఉంది. పడవ దాని మీదికెక్కి ఒరిగింది. ఇద్దరు నీళ్ళలో పడ్డారు, ఈదుకుంటూ వచ్చారు. ఈయన చుక్కానికీ గోడకీ మధ్య చెయ్యి ఇరికించుకున్నాడు. వెదురుబద్దలతో కట్టు కట్టించుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏంటే, మీ అత్త కథలో రాజు బాగున్నాడా?" అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. భయం వేసింది, కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఊఁ కొట్టినవాళ్ళ మీదా? వాళ్ళు చేసిన పాపమేంటి?

మావుళ్ళత్త వచ్చి మా ఆయన పక్కన చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు, "ఇయ్యాల కథ లేదులేవే" అంది. ఆవిడ కథ మానడం నాకు తెలిసి ఇదే మొదలు. పెట్టె చల్లగా ఉంది. పోటు కబురు ఠంచనుగా వెళ్ళింది.

అష్టమి

దైవసహాయం గారు అందర్నీ పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, గొంతు కూడా పెంచడు. అందుకే ఆయనతో దెబ్బలాడటం కష్టం.

"చూడమ్మా రత్నం, పున్నమికి పెద్ద పోటు వస్తాది. ఆ రోజు కబురు తప్పితే చెయ్యి కాదు, మనిషే పోతాడు. ఆలోపు ఏదో ఒకటి తేల్చాలండి. మెట్ట మీదివాళ్ళ గాదెలో చేరిపోదాం."

గాదె అంటే కొండ మీద వాళ్ళు కట్టిన పెద్ద యంత్రశాల. వాళ్ళకి సెలయేరు కరెంటు ఉంది, ఎంత బరువైనా మోస్తారు. మనం మాట తీసుకెళ్ళి ఆ గాదెలో పోస్తే చాలు, కావలసినవాళ్ళు అక్కడ తోడుకుంటారు. మా పెట్టెకి పని ఒక్క ప్రయాణం.

"మరి ఊఁలో?" అన్నాను.

"లెక్క పెట్టి చెప్తారంటండి. ఎంతమంది కొట్టారో అంకె వస్తాదంట. విడివిడిగా దాచరంట. అన్ని ఊఁలూ ఒకలాగే ఉంటాయి కదా అని అడిగారు వాళ్ళు."

అందరూ మావుళ్ళత్త వైపు చూశారు. ఆవిడ మా ఆయన చేతి కట్టు వైపు చూసింది. "ఆయ్, చూద్దాం లెండి" అంది.

నవమి

గాదెతో ఒక సాయంత్రం నడిపి చూశాం. పెట్టె పిల్లి పడుకున్నట్టు పడుకుంది. గుడ్డ తడపాల్సిన పనే లేకపోయింది. నేను కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, కానీ కూర్చోలేకపోయాను.

మావుళ్ళత్త మొదటి వాక్యం చెప్పింది. గదిలో ఏ చప్పుడూ లేదు. పెట్టె ముందున్న పలక మీద అంకె వెలిగింది: ముప్ఫై తొమ్మిది వేల చిల్లర.

"ఇదేంటి?"

"ఊఁలత్తా. అంతమంది కొట్టారు."

రెండో వాక్యం చెప్పింది. అంకె కాస్త పెరిగింది. మూడోది చెప్పింది. తగ్గింది. ఆవిడ కాసేపు ఆ అంకెనే చూసి, తమలపాకు ఉమ్మేసి వచ్చి, పీట మడిచి గోడకి ఆనించింది.

"అంకెకి ఎవడు చెప్తాడే కథ?"

వెళ్ళిపోయింది. కథ మూడు వాక్యాల దగ్గర ఆగిపోయింది. అల్లిక అంతా ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉంది. అడిగినవాళ్ళ సంఖ్య కూడా పలక మీద వచ్చింది.

దశమి

మస్తానమ్మ మాట్లాడింది. మా తూర్పున ఉన్న తెప్ప పెట్టెకి ఆవిడ కాపరి. నేను ఒదినా అంటాను, ఆవిడ నన్ను పేరు పెట్టి తిడుతుంది.

"రత్నం, నువ్వొక వెర్రిదానివి. మూడొందల ఇళ్ళకీ నువ్వే పెళ్ళి పిలుపులకి వెళ్తావేంటే? పక్కింటికి చెప్పు. వాళ్ళు వాళ్ళ పక్కింటికి చెప్తారు."

"చివరి తెప్పకి చేరేసరికి తెల్లారిపోద్ది ఒదినా."

"పోదు. నాలుగైదు గుటకలు ఆలస్యం, అంతే. నీ పెట్టె నీ ముగ్గురు పొరుగువాళ్ళతోనే మాట్లాడుద్ది. వినేవాళ్ళు నలభై వేలైనా నాలుగు లక్షలైనా నీకు ముగ్గురే."

"తిరిగి తిరిగి అదే మాట మళ్ళీ నా దగ్గరికే వస్తే?"

"ఒకసారి విన్న మాట పెట్టె రెండోసారి పుచ్చుకోదు. నీలాగా కాదు."

ఇల్లు అంటుకున్నప్పుడు బిందెలు చేతులు మార్చినట్టు అన్నమాట. నాకు నచ్చింది. ఏ ఒక్కరి నడుమూ విరగదు, కొండవాళ్ళ దయా అక్కర్లేదు. కానీ ఊఁల సంగతి అడిగాను. చెప్పడానికి ఆవిడ కొంచెం నసిగింది.

"అవి కలిపెయ్యాలే. మా తెప్ప ఊఁలన్నీ నేను ఒక్క ఊఁగా కలిపి నీకిస్తాను. నాకు అవతలివాళ్ళు వాళ్ళవి కలిపి ఇస్తారు. విడివిడిగా మోస్తే మళ్ళీ అదే చావు."

ఏకాదశి

నిన్నా ఇవాళా నేనూ మస్తానమ్మా మిగతా కాపరులందరితో మాట్లాడుతూనే ఉన్నాం. కొందరు సణిగారు. మా పొరుగువాడి పెట్టె మొద్దుది, వాడి మీద ఆధారపడలేం అన్నారు. వాడి పెట్టెకి కాస్త గుడ్డ తడిపి ఇవ్వండి అన్నాను. ఎవరి పెట్టె వాళ్ళదే అని ఇన్నాళ్ళూ విర్రవీగాం, పక్కవాడి పెట్టె వేడెక్కితే మనకేంటి అనుకున్నాం. ఇప్పుడు పక్కవాడు ఆగితే మన మాట ఆగుతుంది. అది మంచికో చెడ్డకో నాకింకా తేలలేదు.

ద్వాదశి

చేతిమార్పు పద్ధతి మీద మొదటి కథ.

మావుళ్ళత్త వాక్యం చెప్పి ఆగింది. ఏమీ రాలేదు. అంతలో దూరాన వాన వస్తున్న చప్పుడులా ఒక ఊఁ మొదలై, దగ్గరికొచ్చి, గది నిండిపోయి, తగ్గిపోయింది. ఒక్కటే ఊఁ. అందులో మగగొంతులు, ఆడగొంతులు, పిల్లలు, దగ్గు కూడా ఉంది. ఆ పక్కన పోటు కబురు పోటు కబురులాగే వెళ్ళిపోయింది. పెట్టె గోరువెచ్చగా ఉంది, అంతే.

దైవసహాయం గారు చప్పట్లు కొట్టారు. మా ఆయన విరగని చేత్తో తొడ చరిచాడు. మావుళ్ళత్త కథ పూర్తిగా చెప్పింది, ప్రతి వాక్యానికీ ఆ వాన కోసం ఆగి మరీ చెప్పింది. అందరూ వెళ్ళాక పీట మీద నుంచి లేవలేదు.

"బాగుందే" అంది. "చాలా బాగుంది. కానీ ఇందులో మాలచ్చి ఉందో లేదో నాకెలా తెలుత్తాదే?"

కలిపిన తర్వాత విడదీయడం ఎవరి వల్లా కాదు. మజ్జిగలో పోసిన నీళ్ళని వెనక్కి తీయగలమా? అదే మాట చెప్పాను.

ఆవిడ ఏడ్చింది. ఎప్పుడూ చూడలేదు నేను. చప్పుడు లేకుండా, ముక్కు చీదుకుంటూ, కోపంగా ఏడ్చింది. "నా కోసం మగోళ్ళని నీళ్ళల్లో ముంచమనట్లేదే. నాకు తెలుసు. అయినా ఇన్నాళ్ళూ రోజూ ఎతికాను కదే" అంది.

అప్పుడు నాకు తోచింది. నలభై వేల ఊఁలు పెట్టె మోయలేదు. ఒక్క ఊఁని మోయగలదు.

"అత్తా, పున్నమిలోపు ఒక్క సాయంత్రం పాత పద్ధతిలోనే పెడతాను. అందర్నీ నోరు మూసుకోమందాం. మాలచ్చిని ఒక్కదాన్నే కొట్టమందాం."

"మొన్న నువ్వు మూసుకోమంటే మూసుకున్నారేంటే?"

"నేనంటే ఎవరు వింటారు? నువ్వు చెప్పు."

నేను పెట్టెని పాత పద్ధతికి తిప్పాను, ఆవిడ ముక్కు తుడుచుకుని అక్కడికక్కడే మైకు లాక్కుంది. "అయ్యలారా, అమ్మలారా. రేపటి కథ నా చెల్లికి. ఏడేళ్ళప్పుడు బల్లకట్టు మీద తప్పిపోయింది. మీలో అది ఉంటే, కథ గుర్తుపట్టి, అదొక్కతే ఊఁ కొడతాది. మిగతావాళ్ళు వినండి, నోరెత్తకండి. ఇప్పుడు నేను చెప్పే ఈ మాటక్కూడా ఊఁ అనకూడదు. అన్నారో, జన్మలో నా కథ వినరు."

పెట్టె వైపు చూశాను. డెబ్భయ్యో ఎనభయ్యో వచ్చాయి. వెంటనే "తప్పయిపోయిందండీ" అని వాళ్ళవే మరో డెబ్భయ్యో ఎనభయ్యో వచ్చాయి. అంతే. అంత నిశ్శబ్దం ఈ అల్లికలో నేనెప్పుడూ వినలేదు.

త్రయోదశి

ముందు జాగ్రత్తగా పోటు కబురు పనిని మస్తానమ్మ పెట్టెకి అప్పగించాను. మా పడవలన్నీ పొద్దుండగానే కట్టేయించాను. మా ఆయన తాళ్ళు రెండుసార్లు చూసొచ్చాడు.

మావుళ్ళత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పీట వేసుకుంది. నేను మైకు ఆవిడ ముందు పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాను. మా తెప్పవాళ్ళు గది బయట నిలబడ్డారు. చిన్నపిల్లల నోళ్ళు తల్లులు చేతులతో మూసి పట్టుకున్నారు.

వాళ్ళమ్మ చెప్పిన కథే ఎత్తుకుంది. నిద్రలు అమ్ముకునే ముసలమ్మ కథ. బుట్టలో రకరకాల నిద్రలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. రైతుకి బరువు నిద్ర, బాలింతకి కోడినిద్ర, కాపలావాడికి నిలువు నిద్ర. ఒక ఇంట్లో ఒక పిల్ల మాత్రం నాకొద్దు పొమ్మంటుంది. నిద్రపోతే కథ చివర ఏమైందో తెలియదని ఆ పిల్ల బాధ.

ప్రతి వాక్యానికీ అత్త ఆగింది. కళ్ళు మూసుకుని వింది. నేను పలక చూస్తూ కూర్చున్నాను. నలభై వేలమంది అక్కడే ఉన్నారు, పలక మీద తెప్పకొక దీపం వెలుగుతూనే ఉంది, ఒక్కరూ నోరెత్తలేదు. మధ్యలో ఎవరో ముసలాయన పొరపాటున ఊఁ అనేసి నాలిక కరుచుకున్నాడు. అత్త ఉలిక్కిపడి, కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

ముసలమ్మ ఆ పిల్ల గుమ్మంలో బుట్ట దింపి కూర్చునే చోటికి కథ వచ్చింది. అత్త ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ నిద్దరోయేది" అంది మెల్లగా. "కథ చివర ఎప్పుడూ వినలేదు అది."

ఏ ఊఁ రాలేదు. ఇంకా ఆగింది. బయట నీళ్ళు పీపాలని తడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"లేదే రత్నం" అంది. "లేదు. ఉంటే కొట్టేది. అది ఉంటే కొట్టకుండా ఉండలేదే."

రెండు చేతులూ నేలకి ఆనించి లేవబోయింది. ఊఁ కొట్టేవాళ్ళు లేనప్పుడు కథ ఆపేయడం పద్ధతి. కథ సగంలో ఉంది. ఆ పిల్ల గుమ్మంలో ఉంది. ఆవిడ అలా లేచి వెళ్ళిపోతే రేపు మళ్ళీ ఈ పీట మీద కూర్చోదని నాకు తెలిసిపోయింది. నాకు ఇంకేమీ తోచలేదు.

"ఊఁ" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. ఇన్ని రోజులూ ఊఁలని తిట్టుకున్న నోరు కదా ఇది. కాసేపు అలాగే చూసి, మళ్ళీ కూర్చుంది. "ముసలమ్మ బుట్ట దింపింది కదా" అంది.

"ఊఁ."

నేను మరిచిపోయిందేంటంటే, మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. నా ఊఁ మూడొందల తెప్పలకీ వెళ్ళిపోయింది. చెల్లెలు దొరికిందనుకున్నారో, ఇక కొట్టొచ్చనుకున్నారో, పాపం ఎంతసేపటి నుంచి బిగబట్టుకున్నారో. నలభై వేలమందీ ఒక్కసారి వదిలారు. పెట్టె కెవ్వుమని ఆరిపోయింది.

గది చీకటైంది. కాలిన వాసన వచ్చింది. ఇంకో రోజైతే బకెట్టు తీసుకుని పరిగెత్తేదాన్ని. కదల్లేదు. అత్త కూడా ఆగలేదు. ముసలమ్మ ఆ పిల్లతో బేరమాడటం, చివరికి బుట్టలో మిగిలిన నిద్ర తనే తిని గుమ్మంలోనే పడుకోవడం, ఆ పిల్ల వెళ్ళి ముసలమ్మకి దుప్పటి కప్పడం, అన్నీ చెప్పింది. నేను ప్రతిదానికీ ఊఁ కొట్టాను. బయట నిలబడ్డవాళ్ళు కూడా మెల్లగా కొట్టడం మొదలుపెట్టారు. దైవసహాయం గారి గొంతు కూడా వినబడింది. ఏ యంత్రానికీ ఏ బరువూ పడలేదు.

చతుర్దశి

తెల్లారగానే కాలిన తీగ మార్చాను. పెట్టె లేచింది. రేపు పున్నమి, ఇవాళే తేల్చాలి. దైవసహాయం గారు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. గాదె మాట ఎత్తలేదు. ఏం చేద్దామమ్మా అని మాత్రం అడిగారు.

నేను మావుళ్ళత్త దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అత్తా, చేతిమార్పు పెట్టేస్తే ఇంక విడివిడిగా వినబడవు. నీకిష్టం లేకపోతే చెప్పు, ఏదో ఒక దారి చూస్తాను."

"కలిపెయ్యి."

"నిజంగానా?"

ఆవిడ ముడి బిగించి దారం కొరికింది. "విడిగా విన్నాను కాబట్టే కదే లేదని తెలిసింది. నాకేం ఒరిగింది దానివల్ల? అన్నీ కలిపేత్తే అందులో అది లేదని ఎవడు చెప్పగలడు? నువ్వు చెప్పగలవా?"

చెప్పలేను. పెట్టె కాసే పనిలో నాకు తెలిసినంతలో ఎవరూ చెప్పలేరు. మొన్న ఏ కారణానికి ఆవిడ ఈ పద్ధతి వద్దని ఏడ్చిందో, ఇవాళ అదే కారణానికి కావాలంటోంది. బరువు తగ్గించడానికి మేం పారేసిన వివరమే ఆవిడకి దాచుకోవడానికి చోటైంది. మస్తానమ్మకి చెప్తే, "సరే, నా వైపు నుంచి కలుపుతాను" అంది. ఈసారి నన్ను తిట్టలేదు.

సాయంత్రం పోటు కబురు ముందు వెళ్ళింది, పడవలన్నిటి నుంచీ అందిందని జవాబు వచ్చింది. మావుళ్ళత్త పీట మీద కూర్చుంది. కొత్త కథ ఎత్తుకుని మొదటి వాక్యం చెప్పి ఆగింది.

దూరాన మొదలైంది. తూర్పు తెప్పల నుంచి, మేం పేర్లు కూడా వినని చివరి తెప్పల నుంచి, చేతులు మారుతూ మారుతూ వచ్చింది. గది నిండింది. అత్త తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకుంది. ఊఁ తగ్గిపోయి చాలాసేపైంది, ఆవిడ ఇంకా అలాగే ఉంది. రెండో వాక్యం చెప్పలేదు.

ఉండబట్టలేక, "ఉందా అత్తా?" అని అడిగాను.

"నోరు ముయ్యవే" అంది. "విననీ."